కాశీనగర్ బ్లాకులోని మా ఊరి మంచినీటి పథకానికి తుఫాను, వరద వేళల అత్యవసర ప్రణాళిక: ఏమి రాయాలి, ఏమి వదిలేయాలి?

వంశధార_ఒడ్డు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ బ్లాకులో వంశధార ఒడ్డున ఉన్న పల్లె. జనాభా సుమారు 2,400. సగానికి పైగా ఇళ్లలో తెలుగే మాట్లాడుతారు. పంచాయతీ వ్యవహారమంతా ఒడియాలో నడుస్తుంది. కొండవార ఉన్న రెండు గూడేలలో సవరలు ఉన్నారు. ఈ మధ్య నన్ను గ్రామ నీటి సంఘంలో సభ్యునిగా తీసుకున్నారు. నాలుగు అక్షరాలు వచ్చినవాడినన్న ఒక్క కారణంతో, మంచినీటి పథకానికి అత్యవసర ప్రణాళిక రాసి దసరా లోపు ఇచ్చే పని నా మీద పెట్టారు.

నది ఇసుకలో ఒక ఊటబావి, దానికి 7.5 హెచ్‌పీ మోటారు, ఊరి మధ్య 60,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు, ఇదీ మా పథకం. కరెంటు సరిగా ఉంటే ట్యాంకు నిండడానికి అయిదు గంటలు పడుతుంది. ఇవి కాక ఆరు చేతిపంపులు ఉన్నాయి, వాటిలో రెండు పల్లంలో ఉన్నందున వరద వస్తే మునుగుతాయి. పాత నేలబావి ఒకటి ఉంది, ఇప్పుడు దాని నీళ్లు పశువులకే వాడుతున్నారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ట్యాంకులో మూడో వంతు నీళ్లే ఉన్నాయి. ఉన్న ఆ కాస్త నీటిని కూడా మొదటి పూటే ఎవరికి దొరికినంత వారు పట్టుకుపోయారు. పంపు గది తాళం ఆపరేటరు దగ్గర ఉండిపోయింది. అతను అత్తవారి ఊరిలో ఉన్నాడు. దారి పొడుగునా చెట్లు పడి ఉన్నాయి. మూడో రోజు తాళం పగులగొట్టి చూస్తే స్టార్టరు పెట్టె తడిసి ఉంది. పెళ్లిళ్లకు షామియానాలు అద్దెకిచ్చే దుకాణం నుంచి ఒక జనరేటరు తెచ్చాము గాని, దానితో మోటారు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. ఈలోగా మునిగి తేలిన చేతిపంపు నీళ్లు తాగిన వీధిలో విరేచనాలు మొదలయ్యాయి. అదృష్టం కొద్దీ ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు.

ఇప్పుడు ఇంటర్నెట్టులో వెదికితే అమెరికా నమూనా ఒకటి దొరికింది. నలభై పేజీలున్న ఆ పత్రంలో కంప్యూటర్ల మీద దాడులు, క్లోరిన్ గ్యాసు సిలిండర్ల లీకేజీ, పత్రికల వారితో మాట్లాడే పద్ధతి, ఇలా ఎన్నో ఉన్నాయి. మా పంపు గదిలో ఒక స్టార్టరు, ఒక బల్లి తప్ప ఏమీ ఉండవు. మా వంటి ఊరికి ఏది అవసరమో తెలిసినవారు చెప్పగలరా?

పాతపట్నం_విశ్రాంత_ఏఈ:

అయ్యా, నేను శ్రీకాకుళం జిల్లా వైపు గ్రామీణ నీటి సరఫరాలో పనిచేసి విరమించినవాడిని. తిత్లీ నాడు మీ ఊరిలో జరిగిన వరుసనే మీరు ప్రణాళికగా మార్చుకోవచ్చును. మీకు దొరికిన నమూనా 2018లో అమెరికాలో వచ్చిన నీటి మౌలిక వసతుల చట్టానికి సంబంధించినది అయి ఉంటుంది. ఆ చట్టం 3,300 మందికి మించి నీరిచ్చే వ్యవస్థలు ముందు ప్రమాదాల అంచనా చేయాలనీ, అది ధ్రువీకరించిన ఆరు నెలలలోగా అత్యవసర ప్రణాళిక సిద్ధం చేయాలనీ, అయిదేళ్లకొకసారి రెండింటినీ తిరిగి చూసుకోవాలనీ చెబుతుంది. మీ ఊరు అక్కడ ఉన్నా ఆ చట్టం కిందికి రాదు. అయినా అందులోని క్రమం పాటించదగినది: ఏది ముందు తెగుతుందో తేల్చుకున్న తరువాతే ఏమి చేయాలో రాయాలి.

మీ దగ్గర ముందు తెగేది కరెంటు. కాబట్టి కరెంటు లేని రోజులను లెక్కించండి. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంటే మీ ఊరికి 1,32,000 లీటర్లు, అంటే రోజుకు రెండు ట్యాంకుల పైన కావాలి. విపత్తు రోజుల్లో మనిషికి కనీసం 15 లీటర్లు అన్నది స్ఫియర్ అనే అంతర్జాతీయ విపత్తు సహాయ ప్రమాణాలలో ఉన్న అంకె. ఆ చొప్పున 36,000 లీటర్లు, అంటే నిండు ట్యాంకు ఒక రోజున్నర పైన వస్తుంది. తాగడానికి, వంటకు మాత్రమే మనిషికి 5 లీటర్లు కొలిచి ఇస్తే రోజుకు 12,000 లీటర్ల చొప్పున అదే ట్యాంకు అయిదు రోజులు వస్తుంది. ఈ మూడు అంకెలు మీ ప్రణాళిక మొదటి పేజీలో ఉండాలి. మిగతా వాడుకకు చేతిపంపులు, నేలబావి ఉన్నాయి.

అయితే అయిదు రోజుల నీళ్లు ఉండాలంటే తుఫాను వచ్చేనాటికి ట్యాంకు నిండి ఉండాలి, ఊరికి వెళ్లే వాల్వు కట్టి (మూసి) ఉండాలి. వాతావరణ శాఖ తుఫాను అలర్టును సుమారు 48 గంటల ముందు, హెచ్చరికను సుమారు 24 గంటల ముందు ఇస్తుంది. అలర్టు రాగానే ట్యాంకు నింపడం, ప్రజలను ఇళ్లలో బిందెలు, డ్రమ్ములు నింపుకోమనడం, మళ్లీ ట్యాంకు నింపడం, హెచ్చరిక రాగానే వాల్వు కట్టడం, ఇదీ క్రమం. వాల్వు కడితే జనం ఊరుకోరు. వాల్వు ఎప్పుడు కట్టాలో, ఎవరు కట్టాలో గ్రామసభలో ముందే తీర్మానించి ఉంటే గాలివానలో నిలబడి వాదించుకోవలసిన అవసరం రాదు.

జనరేటరు సంగతి. మోటారు నడిచేటప్పుడు తీసుకునే కరెంటు వేరు, నేరుగా స్టార్టు చేసిన క్షణంలో లాగేది వేరు. అది అయిదారు రెట్లు ఉంటుంది. షామియానా వారి జనరేటరు దీపాలకు, మైకుకు సరిపోతుంది, 7.5 హెచ్‌పీ మోటారును లేపలేదు. మూడు ఫేజుల జనరేటరు 15 నుంచి 20 కేవీఏ వరకు ఉండాలి. కొనమని చెప్పడం లేదు. బియ్యం మిల్లులోనో, క్రషరులోనో అటువంటిది ఉంటే యజమానితో ముందే మాట్లాడి, ఎండాకాలంలో ఒకసారి తెచ్చి మీ మోటారుకు తగిలించి చూడండి, గంటకు ఎంత డీజిలు తాగుతుందో రాసుకోండి. మీ ట్యాంకుకు అయిదు గంటలు కావాలి కాబట్టి ఎన్ని లీటర్ల డీజిలు దాచుకోవాలో అప్పుడే తెలుస్తుంది. ఛేంజోవర్ స్విచ్చి (మోటారును లైను నుంచి జనరేటరుకు మార్చేది) లేకుండా మాత్రం తగిలించవద్దు. జనరేటరు కరెంటు లైనులోకి వెనక్కి ఎక్కితే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం పోతుంది. స్టార్టరు పెట్టెను పెద్దలకు గుర్తున్న అతిపెద్ద వరద గుర్తు కంటే రెండడుగులు పైకి జరిపించండి. తాళంచెవులు మూడు చేయించి ఆపరేటరు దగ్గర ఒకటి, సర్పంచు దగ్గర ఒకటి, ట్యాంకుకు దగ్గరలో ఎప్పుడూ మనుషులుండే ఇంటిలో ఒకటి పెట్టండి.

ఇక చాలామంది విస్మరించే విషయం ఒకటి ఉంది. కరెంటు వచ్చింది, నీళ్లు ఎక్కాయి అనగానే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి నీళ్లు చెడేది ఎక్కువగా అప్పుడే. రోజుల తరబడి ఖాళీగా ఉన్న పైపులలోకి, కాలువ పక్కన ఉన్న ప్రతి లీకేజీ గుండా, మురుగు చేరుతుంది. ఇంటి కొళాయికి మోటారు తగిలించి లాగే అలవాటు ఉన్న వీధిలో అది మరింత వేగంగా జరుగుతుంది. ఊటబావి మీద వరద పారి ఉంటే మూత సందుల నుంచి బురదనీరు దిగి ఉంటుంది. కాబట్టి ముందు ఊటబావిని తోడి ఆ నీటిని బయటికే వదలాలి. నీళ్లు తేరుకున్న తరువాత ట్యాంకు కడిగి నింపి, క్లోరిన్ ఎక్కువగా కలిపి, వీధి చివర పైపులు కడిగి వదలడానికి ఉండే స్కవర్ వాల్వులన్నీ తెరిచి, క్లోరిన్ వాసన చివరి కొళాయిలో తగిలే వరకు పోనివ్వాలి. ఆ లోగా ఎవరూ తాగకూడదని చాటింపు వేయించాలి. బురద ఉన్న నీటిలో ఎంత క్లోరిన్ వేసినా పని జరగదు. మట్టిరేణువుల చాటున క్రిములు బతికిపోతాయి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 టర్బిడిటీని (నీటి మసకను) 1 యూనిట్ దగ్గర ఉంచమంటుంది, వేరే ఆధారం లేనప్పుడు 5 వరకు సహిస్తుంది. మీ దగ్గర కొలిచే పరికరం లేకపోతే గాజుగ్లాసులో పట్టి వెనుక అచ్చు అక్షరాలు పెట్టి చూడండి. అక్షరం మసకబారితే ఆ నీరు క్లోరినేషనుకు సిద్ధంగా లేదని అర్థం.

బ్లీచింగ్ పౌడరు లెక్క: 60,000 లీటర్లకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 120 గ్రాముల క్లోరిన్ కావాలి. పౌడరులో 25 శాతం క్లోరిన్ ఉంటే 480 గ్రాములు, 15 శాతానికి పడిపోతే 800 గ్రాములు. తెరిచి మూలన పడేసిన సంచి తేమకు, వేడికి నెలనెలా బలం కోల్పోతుంది. అందువల్ల ఎంత వేశామన్నదాని కంటే అరగంట తరువాత చివరి కొళాయిలో ఎంత మిగిలిందన్నదే లెక్క. మామూలు రోజుల్లో లీటరుకు 0.2 మిల్లీగ్రాములు, వరద తరువాత 0.5 మిల్లీగ్రాములు మిగలాలి. క్లోరోస్కోపుతో (మందు పోస్తే వచ్చే రంగును బట్టి క్లోరిన్ చెప్పే పరికరంతో) కొలిచి, తేదీతో, వేళతో పుస్తకంలో రాయించండి.

ఆ పుస్తకం గురించి ఒక మాట. కెనడాలోని వాకర్టన్ అనే చిన్న పట్టణంలో 2000 మే నెలలో పెద్ద వర్షానికి పశువుల పేడ ఒక లోతులేని బావిలోకి చేరింది. అక్కడి నిర్వాహకులు కొలవకుండానే క్లోరిన్ అంకెలు పుస్తకంలో వేసేవారు, పరీక్షలో నీరు చెడిందని తేలినా వెంటనే బయటికి చెప్పలేదు. ఏడుగురు మరణించారు, సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు. మన ఆపరేటర్లు నెల చివర ఒకే పెన్నుతో ముప్పై రోజుల అంకెలు నింపడం నేను సర్వీసులో చాలాసార్లు చూశాను, కొన్నిసార్లు చూడనట్లు ఊరుకున్నాను కూడా.

బరంపురం_పరిశీలకుడు:

ఇంజనీరు గారి లెక్కలతో నాకు పేచీ లేదు. అయితే సరఫరా ఆపడం, నీళ్లు తాగవద్దని ప్రకటించడం గ్రామ సంఘం అధికారంలో ఉన్నాయా? జూనియర్ ఇంజనీరు గాని, బీడీఓ గాని చెప్పకుండా వాల్వు కడితే రేపు ఏ గొడవ వచ్చినా సభ్యులే బాధ్యులవుతారు. 1999 సూపర్ సైక్లోన్ తరువాత ఒడిశాలో విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థే ఏర్పడింది. 2013లో ఫైలిన్ మా గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు లక్షల మందిని ముందే తరలించగలిగారంటే అది యంత్రాంగం చేసిన పని. ఊరివాళ్లు సొంతంగా నిర్ణయాలు తీసుకోవడం కంటే పైవారికి త్వరగా తెలియజేయడం మీద ప్రణాళిక రాయడం మేలు.

పాతపట్నం_విశ్రాంత_ఏఈ:

తరలింపు విషయంలో మీరన్నది నిజమే. కాని తుఫాను గడిచిన మరునాడు సెల్‌టవరు పనిచేయదు, దారి ఉండదు, జూనియర్ ఇంజనీరు పరిధిలో మరెన్నో పథకాలు అలాగే పడిపోయి ఉంటాయి. ఆయన అనుమతి కోసం ఎదురుచూసే రెండు రోజులూ జనం ఆ నీళ్లే తాగుతారు. అందుకే ఆ అనుమతిని ముందే తీసుకోవాలి. "సర్పంచు, ఆశా కార్యకర్త, పంపు ఆపరేటరు, ఈ ముగ్గురిలో ఏ ఒక్కరికి అనుమానం కలిగినా సరఫరా ఆపవచ్చు; తిరిగి వదలడానికి మాత్రం ముగ్గురూ ఒప్పుకోవాలి, క్లోరిన్ అంకె పుస్తకంలో ఉండాలి" అని ఒక వాక్యం రాసి, దాని కింద జూనియర్ ఇంజనీరు చేత సంతకం చేయించండి. ఆపడం సులువుగా, వదలడం కష్టంగా ఉండాలి. మీరు చెప్పిన బాధ్యత సమస్య కూడా ఆ సంతకంతో తీరుతుంది.

గుణుపురం_మాస్టారు:

నేను బడిపంతులుగా ఒక్క విషయమే చెబుతాను. మా వైపు ప్రకటనలన్నీ ఒడియాలో వస్తాయి. తెలుగు ఇళ్లలో మగవారు ఒడియా మాట్లాడగలరు, కాని నీళ్లు పట్టేది, కాచేది ఆడవారు; వారిలో పెద్దవయసు వారికి ఒడియా అక్షరం రాదు. సవర గూడేలలో రెండు భాషలూ అంతంతమాత్రమే. "పాణి ఫుటాఇ పిఅంతు" అని గోడ మీద రాసి వెళ్లిపోతే ఎవరు కాచి తాగుతారు?

కాబట్టి చాటింపు మూడు భాషలలో ఉండాలి, ఏ వీధిలో ఎవరు చెబుతారో పేరుపేరునా రాయాలి. మాటలు కూడా ముందే సిద్ధం చేసుకోండి. "నీటి నాణ్యతలో లోపం గుర్తించబడినది" వంటి వాక్యం ఎవరికీ అర్థం కాదు. "కొళాయి నీళ్లు తాగకండి. కాచి, తెర్లినాక దించి, చల్లార్చి తాగండి. మళ్లీ చెప్పేదాకా ఇంతే." ఈ పాటి చాలు. రాతతో పాటు కంటికి కనిపించే గుర్తు కూడా ఉండాలి. తాగకూడని కొళాయికి, చేతిపంపుకు ఎర్రగుడ్డ కట్టడం, బాగయ్యాక విప్పడం. బడిపిల్లలకు నేర్పితే ఇంటింటికీ వారే చేరవేస్తారు. మైకు ఉందిలే అనుకోకండి, కరెంటు లేని రోజు గుడి మైకు కూడా మూగదే. డప్పు ఉన్న మనిషిని ముందే మాట్లాడుకోండి, అతనికి ఇవ్వవలసిన కూలి కూడా ప్రణాళికలోనే రాయండి.

రాయగడ_నర్సు:

మాస్టారు గారు రాసిన ప్రకటనకు నాదొక సవరణ. కాచితే చచ్చేవి క్రిములు మాత్రమే. నదిలో రసాయనమో, పురుగుమందో, డీజిలో కలిసిందన్న అనుమానం ఉంటే కాచమని చెప్పకూడదు, అసలు వాడవద్దనే చెప్పాలి. కాచిన కొద్దీ నీరు ఆవిరై మందు చిక్కబడుతుంది. 2014 జనవరిలో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో బొగ్గు కడిగే రసాయనం నదిలో కలిసినప్పుడు సుమారు మూడు లక్షల మందికి కొళాయి నీరు తాగడమే కాదు, దానితో వండవద్దని, స్నానం చేయవద్దని కూడా చెప్పవలసి వచ్చింది. మీ ఊటబావి ఉన్నది నదిలోనే కాబట్టి రెండు రకాల ప్రకటనలు సిద్ధంగా ఉంచుకోండి: ఒకటి "కాచి తాగండి", రెండోది "ముట్టవద్దు". ఎర్రగుడ్డ ఒకటే అయితే ఈ రెండింటికీ తేడా తెలియదు. రెండోదానికి కొళాయి తల తీసివేయడమో, వాల్వు కట్టివేయడమో చేయాలి.

మా జిల్లాలో కాశీపూర్ ప్రాంతం 2007లోనూ, 2022లోనూ కలరాను చూసింది. ఆ అనుభవం ఉన్నవారికి తెలిసిన సంగతి ఏమిటంటే, నీరు చెడిందని పరీక్షశాల చెప్పేలోపే వీధి చెబుతుంది. ఒకే వీధిలో, ఒకే రోజున, వేర్వేరు ఇళ్లలో ఇద్దరు ముగ్గురికి నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఆశా కార్యకర్త ఆసుపత్రికే కాక, పంపు ఆపరేటరుకు కూడా ఆ గంటలోనే కబురు పెట్టాలి. మామూలుగా ఈ రెండో కబురు వెళ్లదు. జబ్బు కబురు ఆరోగ్య శాఖ దారిలో పోతుంది, నీటి కబురు ఇంజనీర్ల దారిలో పోతుంది, రెండూ కలిసేది బ్లాకు ఆఫీసులోనే. మీ ప్రణాళికలో వాటిని ఊరిలోనే కలపండి.

హెచ్‌2ఎస్ సీసాలు డజను తెప్పించి ఉంచండి. నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీరైతే నల్లబడుతుంది. నల్లబడకపోతే పూర్తిగా మంచిదని కాదు. నల్లబడితే మాత్రం అనుమానం అక్కరలేదు. మునిగిన చేతిపంపులను నీరు తేరుకునే వరకు కొట్టించి, బ్లీచింగ్ ద్రావణం పోసి రాత్రంతా ఉంచి, మరునాడు ఆ వాసన పోయే వరకు మళ్లీ కొట్టించి, సీసా పరీక్ష అయ్యాకే ఎర్రగుడ్డ విప్పాలి. నేలబావికి మామూలు రోజుల్లో 1,000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ సరిపోతుంది. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు నీరు ఉన్న బావిలో సుమారు 9,400 లీటర్లు ఉంటాయి, అంటే 24 గ్రాములు. వరద తరువాత అది చాలదు, అరగంట తరువాత క్లోరిన్ మిగిలే వరకు పెంచాలి. పౌడరును నేరుగా చల్లకుండా బకెట్టులో కలిపి, సున్నపు పిప్పి అడుగున దిగాక, పైన తేరిన నీటినే బావిలో దించాలి.

వంశధార_ఒడ్డు:

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవి పెట్టుకుని నిన్న పంపు గదికి వెళ్లాను. బ్లీచింగ్ సంచి మూతి విప్పి గోడ వార పడి ఉంది, ముద్ద కట్టింది. దానిలోంచి ఇంజనీరు గారి లెక్క ప్రకారం 480 గ్రాములు కలిపించి, అరగంట ఆగి చివరి వీధి కొళాయిలో చూస్తే క్లోరోస్కోపులో రంగే రాలేదు. పుస్తకంలో మాత్రం ఆ వీధికి ప్రతి రోజూ 0.2 అని ఉంది, ఒకే పెన్నుతో. ఆపరేటరును నలుగురిలో నిలదీయలేదు. క్లోరోస్కోపులో పోసే మందు అయిపోయి ఆరు నెలలైందట, అడిగితే ఎవరూ ఇవ్వలేదట. నిన్నటి పరీక్షకు మందు బడి నుంచి తెచ్చాము.

వాల్వు తీర్మానం వచ్చే గ్రామసభలో పెడుతున్నాము. బియ్యం మిల్లు యజమాని జనరేటరు ఇస్తానన్నాడు, డీజిలు ఖర్చు పంచాయతీ భరించాలన్నాడు. ప్రణాళిక నాలుగు పేజీలకు వచ్చింది. తెలుగు ప్రతి నేను రాశాను, ఒడియా ప్రతి మా అమ్మాయి రాస్తోంది. సవరలో రాయడం మాకెవరికీ రాదు కాబట్టి గూడెం నుంచి ఇద్దరిని పిలిచి నోటితో చెప్పించి అభ్యాసం చేయిద్దామనుకుంటున్నాము.

ఒక్క సందేహం మిగిలింది. కొత్త సంచి వస్తే ఎక్కడ నిలవ చేయాలి? పంపు గదిలో స్టార్టరు పక్కన పెడితే ఇనుము తుప్పు పడుతోంది.

పాతపట్నం_విశ్రాంత_ఏఈ:

స్టార్టరు ఉన్న గదిలో పెట్టవద్దు, ఆ ఆవిరికి స్టార్టరు లోపలి కాంటాక్టులు తినుకుపోతాయి. మూత బిగిసే ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, ఎండ తగలని, గాలి ఆడే వేరే గదిలో, నేలకు ఆనకుండా పలక మీద పెట్టండి. డీజిలు, కిరోసిన్, ఎరువులు దాని దరిదాపుల్లో ఉండకూడదు, మంట పుడుతుంది. డ్రమ్ము మీద తెరిచిన తేదీ రాయండి. ఒకేసారి రెండు సంచులు తీసుకోకుండా, మూడు నెలలకు సరిపోయేంతే తెప్పించి, తుఫానుల కాలానికి ముందు సెప్టెంబరులో కొత్తది వచ్చేలా ఇండెంటు (సరుకు కోరే పత్రం) పెట్టండి. ఆ ఇండెంటులోనే క్లోరోస్కోపు మందు కూడా రాయండి.